కాంక్రీటుకు ఉన్న న్యాయం మనిషికి లేదా?

2001 జనవరిలో ప్రఖ్యాత భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ మన దేశానికి వచ్చారు. ముంబయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థ నిర్వహించిన స్ట్రింగ్ సిద్ధాంత సదస్సులో పాల్గొని, ఆ తర్వాత ఢిల్లీ వెళ్లారు. అక్కడి చారిత్రక కట్టడాలను చూడాలనుకున్నారు. అయితే కుతుబ్ మీనార్, జంతర్ మంతర్ వంటి చోట్ల ఆయన విద్యుత్ వీల్‌చెయిర్ మెట్లెక్కలేదు. అందుకని తాత్కాలికంగా చెక్క ర్యాంపులు అమర్చారు. హాకింగ్ హాయిగా తిరిగి చూసి వెళ్లారు.

అప్పటికి దివ్యాంగుల సమాన అవకాశాల చట్టం వచ్చి ఐదేళ్లు దాటింది. రోడ్లు, భవనాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలని ఆ చట్టం చెప్పింది. కానీ 'ఆర్థిక స్తోమత మేరకు' అనే మెలిక కూడా అందులోనే ఉంది. ఒక అతిథి కోసం సాధ్యమైన పని, అదే నగరంలో రోజూ చక్రాల కుర్చీలో తిరిగే సామాన్యుడికి ఎందుకు సాధ్యం కాలేదు? డబ్బు లేకనా, తెలియకనా, లేక అది తమ పని అని నిర్మాణ రంగం అనుకోకపోవడం వల్లనా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే సివిల్ ఇంజినీర్లు నిత్యం వాడే ఒక లెక్క దగ్గర మొదలుపెట్టాలి.

సగటును నమ్మని శాస్త్రం

ఇల్లు కట్టేవారికి ఎం-25 కాంక్రీటు అనే మాట పరిచయమే. 28 రోజులు నీటిలో నానిన కాంక్రీటు దిమ్మ ప్రతి చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలాన్ని తట్టుకోగలదని దాని అర్థం. అయితే ఈ 25 అనేది సగటు కాదు. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, పరీక్షించిన దిమ్మల్లో 5 శాతానికి మించి ఈ అంకె కన్నా తక్కువ బలం చూపకూడదు. అంటే నూటికి 95 దిమ్మలు అంతకన్నా గట్టిగానే ఉండాలి. అందుకోసం మిశ్రమం తయారుచేసేటప్పుడు సగటు బలం సుమారు 31.6 ఉండేలా చూస్తారు. ఇంత జాగ్రత్త పడ్డాక కూడా, స్తంభాలు, దూలాల లెక్కలు వేసేటప్పుడు ఆ 25ను మళ్లీ 1.5తో భాగిస్తారు.

ఇదంతా ఎందుకు? బలహీనమైన దిమ్మ ఎక్కడో ఒకచోట తప్పక ఉంటుంది. సగటును నమ్మి కడితే సరిగ్గా అక్కడే కూలుతుంది. కాబట్టి లెక్క సగటు దగ్గర కాదు, అంచు దగ్గర వేయాలి. సివిల్ ఇంజినీరింగ్ మొదటి పాఠాల్లో ఇదొకటి.

మరి ఆ కాంక్రీటు మీద నడిచే మనిషి విషయానికి వస్తే? అక్కడ మాత్రం ఒక సగటు మనిషి కాగితం మీదకు వచ్చేస్తాడు. వయసులో ఉన్నవాడు, రెండు కాళ్లూ చురుగ్గా ఆడేవాడు, చూపు, వినికిడి బాగున్నవాడు, చంకన బిడ్డ లేనివాడు, చాలాసార్లు మగవాడు. అతనికి సరిపోతే అందరికీ సరిపోయినట్టే లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు ఉన్నారు. 60 ఏళ్లు దాటినవారు 10.38 కోట్ల మంది. గర్భిణులు, చంటిపిల్లల తల్లులు, కాలు విరిగి కట్టుతో ఉన్నవారు, బరువు మోసేవారు వీరికి అదనం. వీరిని లెక్కలోకి తీసుకోని కట్టడంలో బలహీనమైన దిమ్మను పట్టించుకోని కట్టడంలో ఉన్న లోపమే ఉంది. పగుళ్లు కనిపించవు, అంతే తేడా.

ఒక అడుగు ఎక్కడానికి పన్నెండు అడుగులు

ఆసుపత్రి, బ్యాంకు, పంచాయతీ కార్యాలయం, ఎక్కడ చూసినా గుమ్మం ముందు మూడు మెట్లు మామూలే. ఒక్కోటి 15 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం ఎత్తు 45 సెంటీమీటర్లు. దానికి ర్యాంపు ఎంత పొడవుండాలి?

జాతీయ భవన నిర్మాణ సంహిత చెప్పే వాలు 1:12. అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగులు సాగాలి. ఆ లెక్కన 45 సెంటీమీటర్లకు 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. చాలాచోట్ల అంత స్థలం వదలరు. కట్టడం పూర్తయ్యాక, తనిఖీ వస్తోందని తెలిశాక, మిగిలిన రెండున్నర మీటర్లలో సిమెంటు పోసి చదును చేస్తారు. చూసేవారికి అది ర్యాంపే. వీల్‌చెయిర్‌లో కూర్చున్నవారికి మాత్రం గోడ.

ఎందుకంటే బడిలో చదువుకున్న వాలుతల సూత్రమే. మనిషి, కుర్చీ కలిపి 90 కిలోలు అనుకుందాం. 1:12 వాలులో కుర్చీ వెనక్కి జారకుండా పైకి నెట్టాలంటే సుమారు ఏడున్నర కిలోల బరువు ఎత్తినంత బలం కావాలి. వాలు 1:6 అయితే అది దాదాపు 15 కిలోలకు పెరుగుతుంది. చేతులతో చక్రాలు తిప్పుకునే వ్యక్తి ఆ బలాన్ని ఆగకుండా ప్రయోగించాలి. ఒక్క క్షణం పట్టు తప్పితే కుర్చీ వెనక్కి దొర్లుతుంది, లేదా తిరగబడుతుంది. రెండు ర్యాంపుల్లోనూ చేరే ఎత్తు ఒకటే, చేసే మొత్తం పని కూడా ఒకటే. తేడా అంతా ఆ పనిని ఎంత దూరం మీద పంచారన్నదే.

ర్యాంపుతోనే కథ ముగియదు. పైన గుమ్మం దగ్గర కుర్చీ తిరగాలంటే సుమారు 150 సెంటీమీటర్ల వ్యాసంతో ఖాళీ ఉండాలి. తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. లోపల మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకుంటే కుర్చీ పట్టదు. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా మిగతావన్నీ వృథా. అందుకే అందుబాటును ఒక వస్తువుగా కాక, ఇంటి నుంచి గమ్యం దాకా సాగే దారిగా చూడాలంటారు నిపుణులు.

ఇలా కట్టిన దారిని దివ్యాంగులే కాదు, అందరూ వాడుకుంటారు. సూట్‌కేసు లాగే ప్రయాణికుడు, గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు, స్ట్రెచర్ తోసే ఆసుపత్రి సిబ్బంది మెట్లు వదిలి ర్యాంపు వైపే వెళ్తారు.

కాలిబాట, ఐదున్నర సెకన్లు

ఫుట్‌పాత్‌కు కనీసం 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు ఉండాలని, దాని గట్టు 15 సెంటీమీటర్లకు మించకూడదని భారత రహదారుల కాంగ్రెస్ 2012లో తెచ్చిన పాదచారుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎత్తు పెరిగితే మోకాళ్ల నొప్పులున్న వృద్ధురాలు ఎక్కలేదు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు ఉంటే రోడ్డు మీదకు దిగక తప్పదు.

రోడ్డు దాటే చోట మరో లెక్క ఉంది. పాదచారుల సిగ్నల్ సమయాన్ని నిర్ణయించేటప్పుడు సెకనుకు 1.2 మీటర్ల నడక వేగాన్ని తీసుకోవడం పరిపాటి. నాలుగు వరుసల రోడ్డు వెడల్పు 14 మీటర్లు అనుకుంటే 12 సెకన్లు చాలు. కానీ కర్ర ఊతంతో సెకనుకు 0.8 మీటర్లు నడిచే వ్యక్తి ఆ 12 సెకన్లలో 9.6 మీటర్లే వెళ్లగలరు. ఇంకా నాలుగు మీటర్లకు పైగా దూరం ఉండగానే వాహనాలు కదులుతాయి. వారికి కావాల్సింది పదిహేడున్నర సెకన్లు. ఆ తేడాను పూడ్చడానికి కొత్త సాంకేతికత ఏమీ అక్కర్లేదు. నడక వేగంగా ఎవరి వేగాన్ని తీసుకోవాలో నిర్ణయిస్తే చాలు.

చూపులేనివారి కోసం నేలపై పరిచే పసుపు పలకల సంగతీ అంతే. జపాన్‌కు చెందిన సెయీచీ మియాకే 1965లో వీటిని రూపొందించారు. 1967లో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల సమీపాన తొలిసారి అమర్చారు. నిలువు గీతలుంటే ముందుకు సాగవచ్చని, గుండ్రటి బుడిపెలుంటే ఆగి జాగ్రత్తపడాలని అర్థం. పాదం చదివే లిపి ఇది. మన నగరాల్లో ఈ గీతలు కొన్నిసార్లు నేరుగా కరెంటు స్తంభం దగ్గరకో, చెట్టు మొదలు దగ్గరకో తీసుకెళ్తాయి. అలంకారం అనుకుని పరిచినవారికి ఆ లిపి తెలియదన్నమాట. నమ్మి నడిచినవారికి మాత్రం దెబ్బ తగులుతుంది.

భూమి కింద మరో వాలు

ఇంతవరకూ చెప్పుకున్నది కట్టడాన్ని వాడుకునేవారి గురించి. కట్టడాన్ని శుభ్రం చేసేవారి సంగతి ఇంకా తీవ్రమైనది. ర్యాంపు వాలు ఎక్కువైతే మనిషి ఆగిపోతాడు. మురుగు గొట్టం వాలు తక్కువైతే మనిషి ప్రాణమే పోవచ్చు.

మురుగు గొట్టంలో నీరు కనీసం సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పారాలని కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ మాన్యువల్ చెబుతుంది. ఆ వేగం ఉంటే ఇసుక, మలినాలు అడుగున పేరుకోకుండా నీటితోపాటే కొట్టుకుపోతాయి. తగినంత వాలు ఇవ్వకపోయినా, వాననీరు, చెత్త, భవన వ్యర్థాలు మురుగులో కలిసినా మేట వేస్తుంది. పూడిక తీయడానికి ఎవరో ఒకరు దిగాల్సి వస్తుంది.

లోపల గాలి ఆడదు. కుళ్లిన మలినాల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వెలువడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. పది లక్షల పాళ్ల గాలిలో అది వంద పాళ్లకు చేరితే ముక్కు వాసన పసిగట్టే శక్తినే కోల్పోతుంది. వాసన పోయింది కదా అని మనిషి ముందుకు వెళ్తాడు. ఏడు వందలు దాటితే నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. పడిపోయినవాడిని కాపాడాలని రెండోవాడు, వాడి కోసం మూడోవాడు దిగడం, ముగ్గురూ చనిపోవడం పత్రికల్లో తరచూ చదివే వార్తే.

2013 నాటి చట్టం మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ లేకుండా మనుషులను దించడాన్ని నిషేధించింది. 2014లో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. అయినా 2019 నుంచి 2023 వరకు ఈ పనిలో 377 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. 2024లో వెల్లడైన ప్రభుత్వ వివరాల ప్రకారం, నమోదైన సుమారు 38 వేల మంది మురుగు కార్మికుల్లో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలవారు. అందులోనూ అత్యధికులు దళితులు.

ఈ అంకెలు సామాజిక శాస్త్రానివే అనిపించవచ్చు. నిజానికి ఇవి ఇంజినీరింగ్ అంకెలు కూడా. గొట్టానికి వాలు ఎంత ఇవ్వాలో, యంత్రం చేరేంత దారి వదలాలో వద్దో నిర్ణయించింది ఇంజినీర్లే. 'ఎవరో దిగి తీస్తారులే' అన్న ఊహ నక్షాలో రాసి ఉండదు. కానీ అది లేకుండా ఆ నక్షా పూర్తయ్యేది కాదు. ఆ 'ఎవరో' ఏ వాడ నుంచి వస్తారన్నది కులం ముందే తేల్చి పెట్టింది.

ఈ ఊహను మార్చవచ్చని చూపిన ఉదాహరణలూ ఉన్నాయి. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు గల్లీల్లోకి వెళ్లగల చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టి, వాటి నిర్వహణలో దళిత పారిశ్రామికులకు భాగం ఇచ్చింది. కేరళలో యువ ఇంజినీర్లు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే 'బాండికూట్' రోబోను తయారుచేశారు. మనిషి దిగే రంధ్రం అన్న అర్థం వచ్చే 'మ్యాన్‌హోల్' పేరునే 'మెషీన్ హోల్'గా మార్చాలని కేంద్రం ప్రచారం చేపట్టింది. పేరుతోపాటు కొలతలు, దారి, యంత్రం కూడా మారిన చోటే ఆ మార్పు నిజమవుతుంది.

నక్షా గీసే గదిలో ఎవరున్నారు?

గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, 1940ల్లో దేశంలో తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరిగా నిలిచిన అయ్యలసోమయాజుల లలిత మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1919లో పుట్టారు. 18 ఏళ్లకే భర్తను కోల్పోయి, పసిపాపతో మిగిలిన ఆమె ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరారు. చదువు పూర్తయ్యాక ఇచ్చిన ధ్రువపత్రంలో 'అతడు' అని ముందే అచ్చయి ఉంది. దాన్ని కొట్టేసి 'ఆమె' అని రాయాల్సి వచ్చింది. ఇంజినీర్ అంటే మగవాడే అన్న ఊహ అచ్చు అక్షరాల్లో ఉండేది. అదే కళాశాలలో ఆమెతోపాటు చదివిన పి.కె. థ్రెసియా సివిల్ ఇంజినీర్ అయ్యారు. 1971లో కేరళ ప్రజాపనుల శాఖ చీఫ్ ఇంజినీర్ పదవికి చేరారు.

అక్కడి నుంచి చాలా దూరం వచ్చాం. జమ్మూ కశ్మీర్‌లో నదికి 359 మీటర్ల ఎత్తున నిర్మించి, 2025 జూన్‌లో ప్రారంభించిన చినాబ్ రైలు వంతెనకు కొండవాలు స్థిరత్వంపై పదిహేడేళ్లపాటు సలహాదారుగా పనిచేసినవారు ప్రకాశం జిల్లాకు చెందిన ఆచార్య జి. మాధవీలత. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆమె భూసాంకేతిక నిపుణురాలు.

అయితే ఒకరిద్దరి విజయం చూసి సరిపెట్టుకోవడానికి లేదు. నిర్మాణ స్థలాల్లో తట్టలు మోసే మహిళలు ఎందరో. 50 మందికి మించి మహిళా కార్మికులు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లల కోసం సంరక్షణ గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఇసుక కుప్ప పక్కన చీర ఊయలలో నిద్రపోయే పసిబిడ్డ దృశ్యం మాత్రం ఇంకా మన కళ్ల ముందే ఉంది. ఆ గదికి స్థలం కేటాయించాల్సింది పని మొదలుకాకముందే, నక్షా దశలోనే.

ఒక మహిళ ఉంటే మహిళల అవసరాలన్నీ, ఒక దివ్యాంగ ఇంజినీర్ ఉంటే దివ్యాంగులందరి అవసరాలూ వాటంతట అవే తెలిసిపోతాయని కాదు. కానీ వేర్వేరు జీవితాలు చూసినవారు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే 'ఇక్కడ దీపం లేకపోతే రాత్రి ఎవరు నడుస్తారు?', 'ఈ గొట్టం పూడితే ఎవరు దిగుతారు?' అని అడిగేవారు ఉంటారు. కాగితం మీద చెరిపి మళ్లీ గీయడం తేలిక. కాంక్రీటు పోశాక పగలగొట్టడం కష్టం, ఖర్చు.

దయ కాదు, వృత్తి ధర్మం

ఈ బాధ్యత ఇంజినీర్ల నియమావళుల్లోకి కూడా చేరింది. భారత ఇంజినీర్ల సంస్థ నైతిక నియమావళి ప్రజా భద్రత, పర్యావరణ పరిరక్షణలతోపాటు సామాజిక న్యాయాన్ని, మానవ హక్కులను కూడా సభ్యుల బాధ్యతగా పేర్కొంటుంది. అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం అందరినీ వివక్ష లేకుండా, న్యాయంగా చూడాలన్న సూత్రాన్ని 2017లో తన నియమావళికి చేర్చింది. 2020లో నియమావళిని తిరగరాసి, సమాజం పట్ల బాధ్యతను ఖాతాదారు, యజమానుల పట్ల బాధ్యత కన్నా ముందు నిలిపింది. యజమాని ర్యాంపు వద్దన్నాడన్న సాకు ఈ వరుసలో చెల్లదు.

మన చట్టం కూడా గట్టిపడింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అందుబాటు ప్రమాణాలు పాటించని భవన ప్రణాళికకు అనుమతి ఇవ్వకూడదు, పూర్తయినట్టు ధ్రువపత్రం ఇవ్వకూడదు. ఇంజినీర్ల, వాస్తుశిల్పుల చదువులో వైకల్యం ఒక పాఠ్యాంశం కావాలని కూడా అందులో ఉంది. కొలతలతో సహా జాతీయ ప్రమాణాలు 2021లో వచ్చాయి. ఐఐటీ రూర్కీ వాటి రూపకల్పనలో పాలుపంచుకుంది.

అయినా పరిస్థితి ఎంత మారిందో పరిశీలించమని సుప్రీంకోర్టు హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ కేంద్రం నివేదిక ఇచ్చాక, 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరీ కేసులో కోర్టు తీర్పు చెప్పింది. తప్పనిసరి కావాల్సిన ప్రమాణాలను నిబంధనలు కేవలం సూచనలుగా మిగిల్చాయని, అది చట్టానికి విరుద్ధమని తేల్చింది. ఎవరూ తప్పించుకోవడానికి వీల్లేని కనీస ప్రమాణాలను విడదీసి మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

సూచనకు, నిబంధనకు మధ్య తేడా ఇంజినీర్లకు కొత్త కాదు. 'వీలైతే ఇనుప చువ్వలు వేయండి' అని ఏ సంహితా చెప్పదు. ఎన్ని చువ్వలు, ఎంత మందం, ఎంత ఎడం అని చెబుతుంది. వేయకపోతే కట్టడం నిలవదని అందరికీ తెలుసు కాబట్టి బేరం ఉండదు. ర్యాంపు వాలు, కాలిబాట వెడల్పు, మురుగు గొట్టం వేగం కూడా ఆ జాబితాలోకి చేరాల్సినవే.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. నక్షా ఖరారు చేయకముందే దాన్ని వాడుకునే వారికి, శుభ్రం చేసే వారికి చూపించాలి. వీల్‌చెయిర్‌లో ఉన్న వ్యక్తి, చూపులేని విద్యార్థి, మురుగు కార్మికుడు, పిల్లల తల్లి చెప్పిన అభ్యంతరాలను పునాది మట్టి పరీక్ష నివేదికలాగే దస్త్రంలో చేర్చాలి. పూర్తయ్యాక వారితోనే తనిఖీ చేయించాలి. మట్టి పరీక్ష లేకుండా పునాది తవ్వని ఇంజినీర్‌కు ఇది అర్థం కాని మాట కాదు.

ఢిల్లీలో హాకింగ్ కోసం వేసినవి తాత్కాలిక ర్యాంపులు. రేపు ఒక ఊళ్లో కొత్త ఆరోగ్య కేంద్రానికి ముగ్గు పోసే ఇంజినీర్ గుమ్మం ముందు ఐదున్నర మీటర్లు వదిలితే, ఆ ఊరివారికి అలాంటి తాత్కాలిక ఏర్పాటు ఎప్పటికీ అక్కర్లేదు.